నిందపడిన వరిపొలం – కొలిచి తేల్చిన లెక్క

బ్యాంకు శాఖలో ఒక రివాజు ఉన్నది. చెప్పేవారు ఎంతటి పెద్దలైనా వోచరు లేని పద్దును ఖాతాలో ఎక్కించరు. రైతుకూ ఈ నియమం కొత్తది కాదు. కాటా మీద తూగిన ధాన్యానికే గాని, కళ్ళంలో రాశిని చూసి కంటితో వేసిన అంచనాకు ఎవరూ సొమ్ము చెల్లించరు. అయితే ముప్పై ఏళ్ళకు పూర్వం భారతదేశపు వరిపొలం పేరిట ఒక భారీ పద్దు, కాటా పెట్టకుండానే, ప్రపంచ ఖాతాలో వ్రాయబడింది. భూగోళం వేడెక్కడానికి ఇక్కడి వరిమడులు ఒక ముఖ్య కారణమని ఆ పద్దు సారాంశం.

ఆ పద్దును మన శాస్త్రజ్ఞులు ఎలా సరిచేశారు, సరిచేసిన తరువాత కూడా మన పేరిట ఎంత బాకీ మిగిలింది, ఆ బాకీని తీర్చుకొనే మార్గంలో రైతుకు, ఎరువుల డీలరుకు, బ్యాంకుకు ఉన్న పాత్ర ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గాలికి కూడా ఒక ఖాతా

పొడిగాలిలో నూటికి 99 పాళ్ళు నత్రజని, ప్రాణవాయువులే. ఈ రెండింటికీ భూమి నుండి వెలువడే వేడిని పట్టి ఉంచే గుణం లేదు. ఆ గుణం నీటి ఆవిరికి, అతి స్వల్పంగా ఉన్న బొగ్గుపులుసు వాయువుకు, మీథేనుకు, నైట్రస్ ఆక్సైడుకు ఉన్నది. చలికాలపు రాత్రి కప్పుకున్న గొంగడి తాను వేడిని పుట్టించదు. ఒంటి వేడిని బయటికి పోనీయదు. ఈ వాయువులు భూమికి చేసే పని అదే. అవి బొత్తిగా లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండేది. కనుక గొంగడి మనకు అవసరమే. దాని మందం పెరగడమే నేటి సమస్య.

ఈ వాయువులకు వేడిని పట్టి ఉంచే శక్తి ఉన్నదని జాన్ టిండాల్ 1859లో లండనులో ప్రయోగపూర్వకంగా చూపారు. బొగ్గు దహనం వలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటే అరీనియస్ 1896లో లెక్క కట్టారు. కాని గాలిలో ఆ వాయువు నిజంగా పెరుగుతున్నదా అన్నది తేలాలంటే ఎడతెగని కొలత కావాలి. హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958లో ఆ కొలతను ఆరంభించారు. అప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 315 భాగాలు బొగ్గుపులుసు వాయువు ఉన్నది. యంత్రయుగానికి పూర్వం అది సుమారు 280 భాగాలు. నేడు 420 భాగాలు దాటిపోయింది. ఈ పెరుగుదలలో అత్యధిక భాగం బొగ్గు, చమురు, సహజవాయువుల దహనం నుండి, మిగిలినది ప్రధానంగా అడవుల నరికివేత నుండి వచ్చినది.

మీథేను పరిమాణం 1750 ప్రాంతంలో వంద కోట్ల భాగాలకు సుమారు 730 భాగాలు ఉండగా ఇప్పుడు 1,900 దాటింది. నైట్రస్ ఆక్సైడు సుమారు 270 నుండి 335 పైకి చేరింది. ఈ రెండింటికీ సేద్యంతో దగ్గరి సంబంధం ఉన్నది. నూరేళ్ళ కాలాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఒక కిలో మీథేను సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో, ఒక కిలో నైట్రస్ ఆక్సైడు సుమారు 273 కిలోలతో సమానమైన వేడిని పట్టి ఉంచుతుంది. అయితే మీథేను ఆయుష్షు తక్కువ. పది పన్నెండేళ్ళలో అది గాలిలోనే నశిస్తుంది. కాబట్టి దానిని తగ్గిస్తే ఫలితం మన తరంలోనే కనబడుతుంది.

బురద అడుగున జరిగే పని

మడిలో నీరు నిలిచి ఉన్నప్పుడు గాలి నేలలోకి చొరబడలేదు. కొద్ది రోజులలో నేలలోని ప్రాణవాయువు అడుగంటుతుంది. అప్పుడు ప్రాణవాయువు అక్కరలేని సూక్ష్మజీవులు బలం పుంజుకుంటాయి. అవి పాత దుబ్బుల వేళ్ళను, కుళ్ళిన గడ్డిని, పచ్చిరొట్టను ఆహారంగా తీసుకుని మీథేనును విడుదల చేస్తాయి. దమ్ము చేసిన మడిలో కాలు మోపినప్పుడు పైకి లేచే బుడగలలో ఈ వాయువు ఉంటుంది. కాని బుడగల ద్వారా పోయేది కొంత భాగమే. వరి మొక్క కాండంలో గాలి ప్రసరించే సన్నని నాళాలు ఉంటాయి. బురదలో ఉన్న వేళ్ళకు ప్రాణవాయువును దింపే ఆ నాళాల గుండానే మీథేనులో చాలా భాగం పైకి ఎక్కి గాలిలో కలుస్తుంది.

మడి ఆరినప్పుడు కథ మారుతుంది. నేలలోకి గాలి చేరగానే మీథేనును తయారుచేసే జీవుల పని ఆగిపోతుంది. అప్పటికే ఉన్న మీథేనును తినివేసే మరొక జాతి సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. నింద పడడానికీ, నింద తొలగడానికీ, నేడు మనం చేయవలసిన పనికీ మూలం ఇదే.

ఒక అంచనా, ఒక నింద

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వాతావరణ మార్పుపై అంతర ప్రభుత్వ మండలి 1988లో ఏర్పడింది. 1992లో రియో డి జనీరోలో జరుగనున్న ధరిత్రీ సదస్సుకు దేశాలు సిద్ధమవుతున్నాయి. ఏ దేశం ఎంత వాయువును వదులుతున్నదో తేలితేగాని ఎవరు ఎంత తగ్గించాలో తేలదు. అందుచేత ఆ కాలంలో వెలువడిన ప్రతి అంకె వెనుక ఒక బాధ్యత, ఒక ఖర్చు దాగి ఉన్నాయి.

ఆ రోజులలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వేసిన అంచనా ప్రకారం భారతదేశపు వరిపొలాల నుండి సంవత్సరానికి సుమారు 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను వెలువడుతున్నది. ఈ అంచనాకు ఆధారం మన పొలాలలో చేసిన కొలతలు కావు. పాశ్చాత్య దేశాలలో, ఎడతెగని నీటితో, సారవంతమైన నేలలలో పండే వరి నుండి తీసిన అంకెలను మన వరి విస్తీర్ణంతో హెచ్చవేశారు. మన విస్తీర్ణం 4 కోట్ల హెక్టార్లకు పైమాటే గనుక వచ్చిన లబ్ధం కూడా భారీగానే ఉన్నది.

దాదాపు అదే సమయంలో ప్రపంచ వనరుల సంస్థ తన 1990-91 నివేదికలో అత్యధికంగా వాయువులను వదిలే మొదటి ఐదు దేశాలలో భారతదేశాన్ని చేర్చింది. ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రానికి చెందిన అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో ఈ లెక్కను తీవ్రంగా ఖండించారు. పేద రైతు తిండి కోసం పండించే వరి నుండి, అతని ఇంటి పశువు నుండి వెలువడే వాయువును, సంపన్నుల కారు పొగతో ఒకే గాటన కట్టరాదని వారి వాదన. బ్రతుకుతెరువు కోసం వదిలేది వేరు, విలాసం కోసం వదిలేది వేరు అని వారు చేసిన విభజన నేటికీ అంతర్జాతీయ చర్చలలో వినబడుతూనే ఉన్నది.

న్యాయం మన పక్షాన ఉన్నదని చెప్పడం ఒక ఎత్తు, అంకె తప్పని నిరూపించడం మరొక ఎత్తు. ఆ రెండవ పని శాస్త్రజ్ఞుల మీద పడింది.

పొలంలో పెట్టిన పెట్టెలు

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు సంచాలకులుగా, తరువాత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి మహాసంచాలకులుగా పనిచేసిన అశేష్ ప్రసాద్ మిత్ర వాయుమండల శాస్త్రంలో పేరుపొందినవారు. ఆయన నాయకత్వాన 1991లో దేశంలోని ముఖ్యమైన వరి ప్రాంతాలలో మీథేను కొలత ఉద్యమం జరిగింది. వివిధ పరిశోధన సంస్థలు ఇందులో చేతులు కలిపాయి.

ఈ కొలతకు వాడిన పరికరం చూడడానికి చాలా సామాన్యమైనది. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకులతో చేసిన అడుగులేని పెట్టెను కొన్ని వరి దుబ్బుల మీద బోర్లిస్తారు. నిర్ణీత వ్యవధులలో లోపలి గాలిని సిరంజితో లాగి సీసాలలో భద్రపరుస్తారు. ఆ గాలిలో మీథేను ఏ వేగంతో పెరుగుతున్నదో ప్రయోగశాలలోని యంత్రం చెబుతుంది. నాట్ల నుండి కోతల దాకా ఈ విధంగా పలుమార్లు కొలిచి, నేల రకాన్ని బట్టి, నీటి పద్ధతిని బట్టి వేరువేరుగా లెక్క కట్టారు.

చివరకు తేలిన మొత్తం ఏడాదికి సుమారు 40 లక్షల టన్నులు. అంటే విదేశీ అంచనా వాస్తవం కంటే తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువ. మన ప్రభుత్వం 2004లో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన తొలి జాతీయ నివేదికలో కూడా, 1994 సంవత్సరానికి వరి నుండి వెలువడిన మీథేను సుమారు 41 లక్షల టన్నులుగానే నమోదైంది. 2007 సంవత్సరపు లెక్కలో అది సుమారు 33 లక్షల టన్నులు.

ఇంతటి వ్యత్యాసం ఎందుకు వచ్చింది? మన వరి భూములలో పెద్ద భాగం వర్షాధారం. వాన కురిసినప్పుడు మడి నిండుతుంది, వాన వెనుకబడినప్పుడు ఆరుతుంది. చెరువు క్రింద, కాలువ చివర వంతుల వారీగా నీరు వచ్చే పొలాలలోనూ నడుమ నడుమ నేల ఆరుతూనే ఉంటుంది. పైగా మన నేలలలో సేంద్రియ పదార్థం తక్కువ గనుక సూక్ష్మజీవులకు దొరికే మేత కూడా తక్కువే. ఒక విధంగా చెప్పాలంటే, రైతు శాపంగా భావించే నీటి కొరతే ఆనాడు అతని పొలాన్ని నింద నుండి కాపాడిన సాక్షి అయింది.

నింద తగ్గింది, బాకీ మిగిలింది

ఇక్కడితో ఆగిపోతే కథ సుఖాంతమే. కాని నిజాయితీగా లెక్క చూసేవారు తరువాతి పేజీ కూడా తిప్పాలి.

మన జాతీయ లెక్కలలో వాడే కొలతల ప్రకారం, పంటకాలమంతా నీరు నిలగట్టిన ఒక హెక్టారు వరి నుండి సుమారు 162 కిలోల మీథేను వెలువడుతుంది. నడుమ ఒక్కసారి ఆరబెడితే అది సుమారు 66 కిలోలు. పలుమార్లు ఆరబెడితే సుమారు 18 కిలోలు మాత్రమే. ఇతర దేశాల కొలతల సగటు ఇంత పెద్ద తగ్గుదలను చూపదు. అక్కడ పలుమార్లు ఆరబెట్టినందువలన తగ్గేది సుమారు సగం. నేలను బట్టి, ఋతువును బట్టి ఫలితం మారుతుందని గ్రహించాలి. తగ్గుతుందన్న విషయంలో మాత్రం అభిప్రాయభేదం లేదు.

అయితే 1991లో మనలను కాపాడిన ఆరుదల నేడు ప్రతి పొలంలోనూ ఉన్నదా? బోరుబావులు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి సేద్యపు విద్యుత్తు ఉచితమైంది. తెలంగాణలో 2018 జనవరి నుండి సేద్యానికి ఇరవై నాలుగు గంటల సరఫరా వచ్చింది. కొత్త ఎత్తిపోతల నీరు చేరింది. 2014 తరువాత అక్కడ వరి విస్తీర్ణం వానాకాలంలోనూ, యాసంగిలోనూ బాగా పెరిగింది. రైతు కష్టం ఫలించడం మనకందరికీ ఆనందమే. కాని మీట నొక్కితే నీరు వచ్చే చోట మడిలో నీరు ఎడతెగక నిలుస్తున్నది. వర్షాధారపు వరి పేరు చెప్పి గెలిచిన వాదం, రెండు కార్లూ నిండు నీటితో పండే మడికి వర్తించదు.

మొత్తం మీద మన దేశపు వాటాను సరైన తూకంలో ఉంచి చూడాలి. బొగ్గుపులుసు వాయువును వదలడంలో నేడు భారతదేశం మొత్తంగా మూడవ స్థానంలో ఉన్నది. తలసరి చూస్తే మనది సుమారు 2 టన్నులు. అమెరికాది 14 టన్నుల పైచిలుకు. ప్రపంచ మీథేనును 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని 2021లో పలు దేశాలు చేసిన ప్రతిజ్ఞలో భారతదేశం చేరలేదు. మన మీథేను చాలా వరకు చిన్న రైతుల వరి నుండి, పశువుల నుండి వస్తుందన్నది అందుకు చెప్పిన కారణాలలో ముఖ్యమైనది. ఆ నిర్ణయం ఉచితమే కావచ్చు. కాని వేడెక్కే గాలి ఎవరి పొలం మీద ఎక్కువ భారం మోపుతుందన్నది వేరే ప్రశ్న.

వేడి తిరిగి వచ్చేది రైతు ఇంటికే

1850-1900 నాటి సగటుతో పోల్చితే 2011-2020 దశాబ్దంలో భూగోళం సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కింది. 2024 ఒక్క సంవత్సరపు సగటు సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఒకటి రెండు డిగ్రీలకే ఏమవుతుందని అనిపించవచ్చు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తన పొలాలలో 1979 నుండి 2003 దాకా పోగుచేసిన వివరాలను 2004లో ప్రకటించింది. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు వేసవి వరి దిగుబడి 10 శాతం తగ్గినట్లు వాటిలో తేలింది. పగలు తయారుచేసుకున్న పిండి పదార్థాన్ని వెచ్చని రాత్రులలో మొక్క శ్వాసకే ఖర్చుపెట్టుకుంటుంది. గింజకు చేరేది తగ్గుతుంది.

వానల తీరు కూడా మారుతున్నది. మధ్య భారతంలో విస్తారమైన అతి భారీ వర్షాలు 1950 నుండి 2015 మధ్య మూడింతలు అయినట్లు 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. మొత్తం వర్షం అంతే ఉన్నా, అది కొద్ది రోజులలోనే కుండపోతగా కురిసి మిగిలిన రోజులు ఎండిపోతే పంటకు ప్రయోజనం లేదు. 2009లో నైరుతి రుతుపవనాల వర్షం దేశం మొత్తం మీద 22 శాతం తక్కువైంది. ఎండిన ఖరీఫ్ చివరలో, అక్టోబరు మొదటి వారంలో, తుంగభద్ర, కృష్ణా వరదలు కర్నూలు పట్టణాన్ని ముంచెత్తాయి. ఏ ఒక్క సంఘటననూ పూర్తిగా భూతాపానికి అంటగట్టడం శాస్త్రీయం కాదు. కాని గాలి వేడెక్కినకొద్దీ అది మోయగల ఆవిరి పెరుగుతుంది. అందువలన ఇటువంటి విపరీతాలకు అవకాశం హెచ్చుతుంది.

పంటరుణం తీసుకున్నవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. వాన లెక్క తప్పితే వాయిదా లెక్క తప్పుతుంది. ప్రకృతి వైపరీత్యాల వలన పంట పోయినప్పుడు రుణాల కాలపరిమితిని సవరించడానికి కావలసిన నష్ట పరిమితిని 2015లో 50 శాతం నుండి 33 శాతానికి తగ్గించారు. అది కష్టకాలంలో ఊరటే. అయినా సవరించిన రుణం కూడా రుణమే. అది మాఫీ కాదు.

అడుగు గొట్టం చెప్పే మాట

ఇక రైతు చేతిలో ఉన్న ఉపాయం సంగతి చూద్దాం. మడిని తడుపుతూ, ఆరనిస్తూ సాగుచేయడాన్ని ఆరుతడి పద్ధతి అంటారు. దీనికి కావలసిన పరికరం అడుగు పొడవు, నాలుగు నుండి ఆరు అంగుళాల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క. దాని క్రింది సగానికి చుట్టూ రంధ్రాలు వేయాలి. ఆ సగాన్ని గట్టుకు దగ్గరగా, చూడడానికి వీలైన చోట నేలలో పాతి, గొట్టం లోపలి మట్టిని తీసివేయాలి. నేల లోపల నీరు ఎంత లోతున ఉన్నదో గొట్టంలోకి తొంగి చూస్తే తెలుస్తుంది.

నాటిన తరువాత మొదటి రెండు వారాలు పలుచగా నీరు ఉంచాలి. కలుపు ఎక్కువగా ఉన్న మడిలో మరొక వారం పొడిగించాలి. ఆ తరువాత నీరు పెట్టడం ఆపి, గొట్టంలో నీటిమట్టం నేలకు అరడుగు దిగువకు చేరినప్పుడు మరల రెండంగుళాల నీరు పెట్టాలి. పైన నేల ఆరినట్లు కనబడినా వేళ్ళకు తేమ అందుతూనే ఉంటుంది. పూతకు ఒక వారం ముందు నుండి పూత తరువాత ఒక వారం వరకు మాత్రం మడిలో నీరు తప్పక నిలిచి ఉండాలి. ఆ రెండు వారాలలో ఆరబెడితే తాలు గింజలు పెరిగే ప్రమాదం ఉన్నది. ఈ విధంగా చేస్తే దిగుబడి తగ్గకుండా నీటిలో 30 శాతం దాకా ఆదా అవుతుంది.

మన రైతులకు ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. మడగాస్కర్‌లో ఫాదర్ హెన్రీ డి లౌలానీ రూపొందించిన ‘శ్రీ’ వరి సాగును ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం 2003 ఖరీఫ్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో రైతుల పొలాలలోనే పరీక్షించింది. అందులోనూ మడిలో నీరు నిలగట్టరు. లేతనారు నాటడానికి, కలుపు యంత్రం నడపడానికి కూలీల ఇబ్బంది వలన చాలామంది దానిని కొనసాగించలేకపోయారు. ఆరుతడికి ఆ చిక్కు లేదు. నాటు పద్ధతి మార్చనక్కరలేదు. నీరు పెట్టే వేళ మార్చుకుంటే చాలు.

ఈ పద్ధతి అన్ని చోట్లా సాగదని కూడా చెప్పాలి. కాలువ నీరు ఒక మడి నుండి మరొక మడికి పారే డెల్టా భూములలో ఒక్క రైతు తన మడిని ఆరబెట్టుకోలేడు. ఆ కాలువ క్రింది రైతులందరూ కలిసి వంతు కుదుర్చుకోవాలి. సముద్రతీరపు చౌటి నేలలలో ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది. బోరు క్రింద వరి పండించే రైతుకే ఇది అన్నిటికంటె అనుకూలం. విద్యుత్తు ఉచితమైన చోట ఆదా అయిన నీరు వెంటనే జేబులో కనబడదన్న మాట నిజమే. కాని బోరు లోతు పెంచడానికి, కొత్త మోటారు కొనడానికి చేసే అప్పు ఎంతో రైతుకు తెలుసు. భూగర్భంలో మిగిలిన నీరు ఆ అప్పును వాయిదా వేస్తుంది.

బస్తా విప్పే ముందు

నీరు సరిచూసుకున్న రైతు యూరియాను కూడా సరిచూసుకోవాలి. తడి, ఆరుదల మారిమారి వచ్చే నేలలో నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలుస్తుంది. ఎరువు అతిగా వేసినప్పుడు ఈ నష్టం మరీ ఎక్కువ. మీథేను ఆదాను ఈ విధంగా పోగొట్టుకోకూడదు.

45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. వరి అందులో వినియోగించుకొనేది సాధారణంగా 30 నుండి 40 శాతమే. మిగిలినది నీటితో కొట్టుకుపోతుంది, నేల అడుగుకు దిగుతుంది, లేదా వాయువుగా ఎగిరిపోతుంది. మెట్ట పైర్లలో వేసిన నత్రజనిలో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడుగా పోతుందని అంతర్జాతీయ ప్రమాణం. ఒక బస్తాకు అది మూడు వందల గ్రాములకు కొద్దిగా పైన. చూడడానికి స్వల్పమే. కాని ఆ వాయువు నూరేళ్ళకు పైగా గాలిలో నిలిచి, సుమారు 90 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసే పని చేస్తుంది.

2015 నుండి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. వేప పూత నత్రజని మార్పును నెమ్మది చేసి నష్టాన్ని కొంత అరికడుతుంది. అయినా దఫాలుగా వేయడానికి, భూసార పరీక్షను అనుసరించడానికి అది ప్రత్యామ్నాయం కాదు. ఆకు రంగుల పట్టికతో వరి ఆకును పోల్చి చూసి, అవసరమైనప్పుడే పైపాటుగా వేస్తే బస్తా మిగులుతుంది, తెగుళ్ళ తాకిడీ తగ్గుతుంది.

ఇక్కడ డీలరు మిత్రులకు ఒక మనవి. అనేక గ్రామాలలో రైతుకు మొదటి సలహాదారు మీరే. పక్కవాడు రెండు బస్తాలు వేశాడని మూడు అడిగే రైతుకు, భూసార పరీక్ష పత్రం తెమ్మని చెప్పగలిగినవారూ మీరే. ఒక బస్తా తక్కువ అమ్మినందువలన కలిగే నష్టం చిన్నది. పంట నిలిచి, అరువు సకాలంలో వసూలు కావడం వలన కలిగే లాభం పెద్దది.

కొయ్యకాళ్ళకు నిప్పు

కంబైను కోత తరువాత పొలంలో మిగిలే గడ్డికి, కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టే అలవాటు పంజాబ్, హర్యానాలలో ప్రబలి, క్రమంగా మన ప్రాంతాలకూ వచ్చింది. ఒక టన్ను వరిగడ్డిని కాల్చితే సుమారు 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు, 3 కిలోల పొగ నలుసులు గాలిలో కలుస్తాయి. అదే గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు ఉంటాయి. దుకాణంలో డబ్బిచ్చి కొనే వస్తువును పొలంలో కాల్చివేయడం ఏ పద్దుల పుస్తకానికీ సమ్మతం కాదు.

అయితే పచ్చిగా ఉన్న గడ్డిని నీటి మడిలో దున్నివేస్తే మీథేను పెరుగుతుంది. పశువుల మేతకు తరలించడం, కుప్పవేసి బాగా మాగిన ఎరువుగా చేసి వేయడం, లేదా నాట్లకు చాలా ముందుగా పొడి దుక్కిలోనే కలియదున్నడం మేలైన మార్గాలు.

రుణం తీసుకొనే వేళ

గాలి ఖాతాలో బ్యాంకు రుణానికి కూడా పద్దు ఉన్నది. 2019లో ప్రకటించిన ప్రధానమంత్రి కుసుమ్ పథకంలో సౌర పంపుసెట్టు ధరలో 60 శాతం దాకా కేంద్ర, రాష్ట్రాల రాయితీగా, 30 శాతం బ్యాంకు రుణంగా, 10 శాతం రైతు వాటాగా నిర్దేశించారు. డీజిలుకు బదులు ఎండతో నడిచే పంపు పొగను మాన్పిస్తుంది. కాని ఖర్చులేని ఎండ ఉన్నది కదా అని రోజంతా నీరు తోడితే భూగర్భజలం అడుగంటుతుంది. పంపు రుణంతో పాటు సూక్ష్మసేద్యం గురించి, నీరు తక్కువగా ఉన్న చోట యాసంగి వరికి బదులు ఆరుతడి పైర్ల గురించి శాఖలోని వ్యవసాయాధికారితో ముందుగా చర్చించడం మంచిది.

ఇటీవల కార్బన్ క్రెడిట్ల పేరిట కొందరు గ్రామాలకు వస్తున్నారు. ఆరుతడి పద్ధతి వలన తగ్గిన మీథేనును లెక్కగట్టి, ఆ తగ్గుదలను అమ్మి, వచ్చిన సొమ్ములో రైతుకు వాటా ఇస్తామని చెబుతారు. ఆలోచన మంచిదే. సంతకం పెట్టేముందు ఒప్పందం తెలుగులో ఉన్నదా, ఎన్ని సంవత్సరాలకు, రైతు వాటా ఎంత, కొలత ఖర్చు ఎవరిది, మధ్యలో తప్పుకుంటే ఏమవుతుంది, భూమిపై ఏదైనా హక్కు వ్రాయించుకుంటున్నారా అన్న ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాబట్టాలి. ఆ సొమ్మును నమ్ముకుని ముందుగా అప్పు చేయరాదు.

కాటా మన చేతిలోనే

1991లో పొలంలో బోర్లించిన ఆ పారదర్శకపు పెట్టె మనకు నేర్పిన పాఠం చిన్నది కాదు. తప్పు అంకెకు జవాబు కోపం కాదు, సరైన కొలత. ఆనాడు శాస్త్రజ్ఞులు దేశం తరఫున కొలిచారు. నేడు ఎవరి మడిని వారు కొలుచుకోవచ్చు. అందుకు ప్రయోగశాల అక్కరలేదు. అడుగు పొడవు గొట్టం ముక్క చాలు.

వచ్చే యాసంగిలో బోరు క్రింద వరి వేయదలచిన రైతు సోదరులు ఒక్క ఎకరంలో ఆ గొట్టాన్ని పాతి చూడండి. పక్క ఎకరంలో యథాప్రకారం నీరు నిలగట్టండి. మోటారు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని బస్తాలు పట్టింది, కోతలో ఎన్ని పుట్లు తూగింది అన్నది రెండు ఎకరాలకూ వేరువేరుగా వ్రాసుకోండి. ఆ కాగితమే మీ వోచరు. గాలి ఖాతాలో మన పేరిట ఏమి వ్రాయాలో ఇకమీదట దానిని చూపి మనమే చెప్పగలం.